పాత ల్యాప్‌టాప్‌కి రికవరీ డిస్కులు ఎక్కడ వెతకాలి, దొరికాక పనిచేయకపోతే ఏం చూడాలి

పోయిన పెళ్లిళ్ల సీజన్ ముందు మా చిన్నాన్న ఫోన్ చేసి "ఒరేయ్, ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు వచ్చి ఆగిపోతుందిరా" అన్నారు. ఆయన తెనాలిలో డీటీపీ చేస్తారు, శుభలేఖలు, కరపత్రాలు, దినం కార్డులు, అన్నీ ఆ 2011లో కొన్న ల్యాప్‌టాప్ మీదే, విండోస్ 7, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఇంట్లో కొత్త సిస్టమ్ ఉంది గానీ ఆ పాత ఫాంట్లు లేనిచోట ఆ ఫైల్ తెరిస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీష్ అక్షరాలు కనిపిస్తాయి, అందుకని ఆయనకి ఆ మెషీనే కావాలి. షాపుకి తీసుకెళ్తే "ఫార్మాట్ కొట్టి విండోస్ 10 వేసేద్దాం సార్, గంటలో అయిపోద్ది" అన్నారంట. నేను "చిన్నాన్నా, ఇంటికి తీసుకొచ్చేయండి, ఎవర్నీ ముట్టుకోనివ్వకండి" అని చెప్పి ఆ ఆదివారమే బయల్దేరి వెళ్లాను.

ఎందుకంత కంగారు పడ్డానంటే, మన దగ్గర పాత ల్యాప్‌టాప్‌ల ఒరిజినల్ విండోస్ ఎక్కువగా పోయేది ఇలా ఫార్మాట్ కొట్టినప్పుడే. కంపెనీ వాళ్లు హార్డ్ డిస్క్‌లో 10 నుంచి 20 జీబీ దాకా ఒక రికవరీ పార్టిషన్, అంటే విడిగా కేటాయించిన భాగం, పెట్టి ఇస్తారు, విండోస్, డ్రైవర్లు (ల్యాప్‌టాప్ భాగాల్ని నడిపే ప్రోగ్రామ్‌లు) అన్నీ ఫ్యాక్టరీలో ఎలా ఉన్నాయో అలాగే అందులో ఉంటాయి, ఫార్మాట్ చేసేవాళ్లు దాన్ని చూసి "ఇదేదో ఖాళీగా పడుంది" అని డిలీట్ చేసేసి సీ, డీ, ఈ అని మూడు డ్రైవ్‌లు చేసి ఇస్తారు. అది పోయిందంటే మీకు మిగిలే దారి రికవరీ డిస్కులే, అంటే అదే ఫ్యాక్టరీ విండోస్‌ని రాసి ఉంచిన డీవీడీలు, అవి కూడా లేకపోతే చాలా తిరగాలి. కాబట్టి ఏం చేసినా ముందు ఉన్నదాన్ని కాపీ తీసుకోవాలి, ఆ తర్వాతే రిపేరు, నేను చెప్పేదంతా ఈ వరసలోనే ఉంటుంది.

అసలు మీ ల్యాప్‌టాప్‌తో విండోస్ వచ్చిందా లేదా అన్నది మొదట తేల్చుకోండి. మన ఊళ్లలో నాలుగైదు వేలు తగ్గుతుందని డాస్ ల్యాప్‌టాప్‌లు బాగా కొన్నారు, వాటిలో విండోస్ లైసెన్స్ ఉండదు, షాపులో ఎవరో వేసి ఇచ్చిన విండోస్‌తో ఇన్నేళ్లు నడిచుంటుంది, అలాంటి దానికి విండోస్ రికవరీ డిస్క్ అనేదే లేదు, ఇక వెతక్కండి. లైసెన్స్‌తో వచ్చిందైతే విండోస్ ఎక్స్‌పీ, విస్టా, 7 కాలం వాటికి అడుగున ఒక స్టిక్కర్ ఉంటుంది, విండోస్ ఏ ఎడిషనో రాసి 25 అక్షరాల కీ ఉంటుంది. అడుగున కనపడకపోతే బ్యాటరీ తీసి లోపల చూడండి, కొన్ని మోడల్స్‌లో అక్కడ అతికిస్తారు. ఒళ్లో పెట్టుకుని వాడి వాడి కీ అరిగిపోయుంటే ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా కొట్టి ఫొటో తీసి కాంట్రాస్ట్ పెంచి చూడండి, చిన్నాన్న దానిలో నాలుగు అక్షరాలు ఇలాగే బయటపడ్డాయి. విండోస్ 8 నుంచి కథ వేరు, స్టిక్కర్ మీద కీ ఉండదు, మదర్‌బోర్డ్ బయాస్‌లోనే (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డ్‌లోనే ఉండే ప్రోగ్రామ్) పెట్టేస్తారు, అదే ఎడిషన్ వేస్తే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అదే చదువుకుంటుంది.

ఇంకో మాట, కీ చూపించే సాఫ్ట్‌వేర్‌లు ఉంటాయి కదా, విండోస్ 7 కంపెనీ ల్యాప్‌టాప్‌లో వాటిని రన్ చేస్తే వచ్చే కీ స్టిక్కర్ మీది కీ కాదు. కంపెనీ ఆ మోడల్స్ అన్నిటికీ కలిపి వాడిన కామన్ కీ అది, మీరు మామూలు డిస్క్‌తో విండోస్ వేసి ఆ కీ కొడితే యాక్టివేట్ కాదు. స్టిక్కర్ కీనే రాసి దాచుకోండి.

ఇప్పుడు పార్టిషన్ ఉందో లేదో చూద్దాం. విండోస్ ఇంకా ఆన్ అవుతుంటే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడండి, అక్షరం లేని పార్టిషనో, రికవరీ అని పేరున్న డీ డ్రైవో 10 జీబీ పైన కనిపిస్తే మీ అదృష్టం బాగుంది. 100 ఎంబీ ఉండేది అది కాదు, అది బూట్ ఫైళ్ల కోసం, అంటే ఆన్ అయ్యేటప్పుడు కావాల్సిన ఫైళ్ల కోసం, విండోస్ పెట్టుకున్నది. విండోస్ ఆన్ కాకపోతే విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్‌లైన లినక్స్ మింటో ఉబుంటూనో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాంతో బూట్ చేసి చూడొచ్చు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ట్రై అని ఉంటుంది అది నొక్కితే చాలు. నేను చేసింది ఇదే. ముందు చిన్నాన్న ఫైల్స్, ఫాంట్లు మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి కాపీ చేశాను, ఎందుకంటే రికవరీ అంటే సీ డ్రైవ్ తుడిచేసి కొత్తగా వేయడం, కొన్ని డిస్కులైతే మొత్తం హార్డ్ డిస్క్ తుడిచేస్తాయి, డీలో ఉన్నాయిలే అని ధీమాగా ఉండకూడదు. తర్వాత ఉబుంటూలో డిస్క్స్ అనే ప్రోగ్రామ్‌లో ఆ రికవరీ పార్టిషన్ మీద నొక్కి పార్టిషన్ ఇమేజ్ చేసుకునే ఆప్షన్‌తో దాన్ని ఒక ఫైల్‌గా బయటికి తీశాను.

పార్టిషన్ ఉంటే దాన్ని లేపే మీట కంపెనీని బట్టి మారుతుంది. హెచ్‌పీకి ఆన్ చేయగానే ఎఫ్11. ఏసర్‌కి ఆల్ట్ పట్టుకుని ఎఫ్10, కానీ బయాస్‌లో డీ2డీ రికవరీ అన్నది ఎనేబుల్ అయ్యుండాలి, చాలామందికి ఇక్కడే ఆగిపోతుంది. అసూస్‌కి ఎఫ్9, సోనీ వైయోకి ఎఫ్10 లేదా అసిస్ట్ బటన్, తోషిబాకి సున్నా మీట పట్టుకుని ఆన్ చేయాలి, శాంసంగ్‌కి ఎఫ్4. డెల్‌లో విండోస్ 7 అయితే ఎఫ్8 కొట్టి రిపేర్ యువర్ కంప్యూటర్‌లోకి వెళ్తే లోపల ఫ్యాక్టరీ ఇమేజ్ రీస్టోర్ ఉంటుంది, ఎక్స్‌పీ కాలం డెల్ అయితే కంట్రోల్, ఎఫ్11. లెనోవో ఐడియాప్యాడ్‌లకి పవర్ బటన్ దగ్గరో పక్కనో నోవో అని చిన్న బటన్ ఉంటుంది, థింక్‌ప్యాడ్‌లకి నీలం రంగు థింక్‌వాంటేజ్ బటన్ లేదా ఎఫ్11. ఎఫ్ మీటలైతే లోగో రాగానే వరసగా తడుతూ ఉండాలి, ఒక్కసారి నొక్కి వదిలేస్తే అందదు.

మీట పనిచేయలేదు గానీ పార్టిషన్ మాత్రం ఉంది అంటే, ఎప్పుడో ఎవరో మామూలు విండోస్ వేసినప్పుడు కంపెనీ బూట్ రికార్డ్ పోయిందన్నమాట. అప్పుడు ఆ పార్టిషన్‌ని యాక్టివ్‌గా, అంటే మెషీన్ దాన్నుంచే బూట్ అయ్యేలా, మార్చి రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు నేరుగా రికవరీ స్క్రీనే వస్తుంది, ఏసర్‌లో పీక్యూసర్వీస్ అని ఉండే పార్టిషన్‌కి ఇది చాలామంది వాడిన పద్ధతి, దాన్ని దాచి ఉంచుతారు కాబట్టి పార్టిషన్ టైప్ కోడ్‌ని 27 నుంచి 07కి మార్చాలి. ఇమేజ్ తీసుకోకుండా మాత్రం ఈ పని చేయకండి. అదీ కుదరకపోతే లోపల ఫైల్స్ చూడండి, డెల్‌లో ఫ్యాక్టరీ డాట్ విమ్ అని, హెచ్‌పీలో ప్రీలోడ్ ఫోల్డర్‌లో బేస్ డాట్ విమ్ అని పెద్ద ఫైల్ ఉంటుంది, ఫ్యాక్టరీ విండోస్ మొత్తం అందులోనే ఉంది, విండోస్ 8 గానీ ఆ తర్వాతది గానీ డిస్క్‌తో బూట్ చేసి (7 డిస్క్‌లోని డిజమ్‌కి ఇది రాదు) కమాండ్ ప్రాంప్ట్‌లో డిజమ్ అనే టూల్‌తో దాన్ని ఖాళీ పార్టిషన్‌లోకి దించొచ్చు, ఒక్క డ్రైవర్ కావాలంటే సెవెన్ జిప్‌తో తెరిచి తీసుకోవచ్చు.

పార్టిషన్ కూడా లేకపోతే డిస్కుల వేట. ముందు ఇంట్లోనే వెతకండి, నిజంగా చెబుతున్నా. ఆ కాలంలో ల్యాప్‌టాప్ కొన్న వారానికి "రికవరీ మీడియా చేసుకోండి" అని విండో వచ్చేది, కొంతమంది ఓపిగ్గా మూడు నాలుగు డీవీడీలు రాసిపెట్టుకున్నారు, ఆ తర్వాత మర్చిపోయారు. హెచ్‌పీ లాంటి వాటిలో ఒక్క సెట్టే రాయనిచ్చేది, అందుకని ఆ సెట్ బంగారంతో సమానం. ల్యాప్‌టాప్ అట్టపెట్టె, పాత బ్యాగ్ లోపలి జిప్, వారంటీ కార్డ్ ఉన్న కవరు, పాటల సీడీల పౌచ్, ఇవన్నీ చూడండి. మాకు పార్టిషన్ ఇమేజ్ చేతిలో ఉన్నా డిస్కుల కోసం కూడా వెతికాం, అవి శుభలేఖల శాంపిల్ ఆల్బమ్ వెనక్కాల దొరికాయి, నాలుగు డీవీడీలు, మీద చిన్నాన్న గుండ్రటి దస్తూరితో "సిస్టం 1/4, 2/4" అని రాసుంది.

ఇంట్లో లేకపోతే కంపెనీ దగ్గర. అడుగున ఉండే నంబర్ కావాలి, డెల్‌కి ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్, హెచ్‌పీకి ప్రోడక్ట్ నంబర్, లెనోవోకి సీరియల్ నంబర్, మోడల్ పేరొక్కటే సరిపోదు, ఒకే పేరుతో పది రకాలు అమ్మారు. మరీ పాతవాటికి డిస్కులు అమ్మడం ఆపేసి ఉంటారు గానీ, కాస్త కొత్తవైతే డెల్‌కి ఓఎస్ రికవరీ టూల్, హెచ్‌పీకి క్లౌడ్ రికవరీ టూల్, లెనోవోకి డిజిటల్ డౌన్‌లోడ్ రికవరీ సర్వీస్ ఉన్నాయి, నంబర్ కొడితే మీ మోడల్‌కి ఉందో లేదో అదే చెబుతుంది, ఉంటే పెన్‌డ్రైవ్‌కి ఎక్కించుకోవచ్చు. డ్రైవర్లు మాత్రం కంపెనీ సైట్‌లో ఇంకా ఉంటే ఇవాళే దించేసి పెట్టుకోండి, రేపు ఉంటాయని నమ్మకం లేదు.

తర్వాత అదే మోడల్ ల్యాప్‌టాప్ ఉన్న బంధువులు, స్నేహితులు. ఆఫీసుల్లో, కాలేజీల్లో ఒకేసారి యాభై కొన్నవాళ్ల దగ్గర డిస్కుల కట్ట ఉంటుంది, ఒకసారి అడగడంలో తప్పులేదు. డెల్ వాళ్లు ల్యాప్‌టాప్‌తో ఇచ్చిన రీఇన్‌స్టలేషన్ డీవీడీ అయితే ఆ విండోస్‌తో వచ్చిన వేరే డెల్ మోడల్‌కి కూడా పనిచేస్తుంది, బయాస్ చూసుకుని యాక్టివేట్ అయిపోతుంది, డ్రైవర్లు మాత్రం వేరేగా వేసుకోవాలి. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన ఐఎస్‌ఓలు (డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా మార్చినవి) కూడా దొరుకుతాయి, వాడేముందు హ్యాష్, అంటే ఫైల్ మారలేదని తేల్చే కోడ్, ఒరిజినల్‌తో సరిపోల్చుకోండి, లైసెన్స్ లేకుండా నడిపించే లోడర్, యాక్టివేటర్ అని కలిపి ఇచ్చేవాటి జోలికి పోవద్దు, వైరస్‌లు ఎక్కువ వచ్చే దారి అదే, పైగా స్టిక్కర్ మీద సొంత కీ పెట్టుకుని అవి వాడాల్సిన అవసరం మీకు లేదు.

సరే, డిస్కులు దొరికాయి, పెట్టారు, పనిచేయలేదు. ఇక్కడే జనం "డిస్క్ పోయింది" అని పారేస్తారు. ఆగండి.

అసలు డిస్క్ నుంచి బూటే కావట్లేదంటే బూట్ మెనూ చూడండి. డెల్, లెనోవో, తోషిబాలకి ఎఫ్12, హెచ్‌పీకి ఎస్కేప్ కొట్టి ఎఫ్9, అసూస్‌కి ఎస్కేప్, ఏసర్‌కి ఎఫ్12 గానీ బయాస్‌లో ఆ మెనూ ఆన్ చేసుండాలి. మామూలు విండోస్ డిస్క్ అయితే "ప్రెస్ ఎనీ కీ" అని ఒక లైను వచ్చి కొన్ని సెకన్లలో పోతుంది, అప్పుడు ఏదో ఒక మీట నొక్కకపోతే మళ్లీ హార్డ్ డిస్క్‌కే వెళ్లిపోతుంది. 2012 తర్వాతి మెషీన్‌లో విండోస్ 7 డిస్క్ పెడుతుంటే బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆపి లెగసీ మోడ్ పెట్టాలి. పెన్‌డ్రైవ్‌తో విండోస్ 7 వేసేవాళ్లకి "డ్రైవ్ డివైస్ డ్రైవర్ మిస్సింగ్" అని వస్తే కంగారు పడకండి, విండోస్ 7కి యూఎస్‌బీ 3.0 డ్రైవర్ లోపల లేదు, నీలం రంగు పోర్ట్ నుంచి తీసి నల్ల రంగు పోర్ట్‌లో పెట్టండి.

బూట్ అవుతుంది, కొంత దూరం వెళ్లి ఆగిపోతుంది అంటే, మా కథ అదే. ఒకటి, రెండు డిస్కులు బాగానే వెళ్లాయి, మూడోది పెట్టాక కిర్ కిర్ అని శబ్దం, పచ్చ గీత కదలదు, పది నిమిషాలకి ఎర్రర్. డిస్క్ తీసి ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని చూస్తే అంచు దగ్గర పూర్తి వేలిముద్ర ఒకటి, పక్కన జిగురు మరక. డిస్క్ తుడిచేటప్పుడు పళ్లెం తుడిచినట్టు గుండ్రంగా తిప్పకూడదు, మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవాలి, డేటా గుండ్రంగా రాసుంటుంది కాబట్టి గుండ్రటి గీత పడితే వరసగా చాలా పోతుంది, అడ్డంగా పడ్డ గీతని డ్రైవ్ సర్దుకోగలదు. ఉతికిన మెత్తటి నూలు గుడ్డ, కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. టూత్‌పేస్ట్ రుద్దడం లాంటివి వద్దు, ఉన్న ఒక్క డిస్క్ మీద ప్రయోగాలు చేయకండి.

తుడిచాక పది శాతం ముందుకెళ్లి మళ్లీ ఆగింది. అప్పుడు డ్రైవ్ మీద అనుమానం వచ్చింది. పదేళ్లు దాటిన డీవీడీ డ్రైవ్‌లో కటక భాగం మీద దుమ్ము పేరుకుంటుంది, లేజర్ కూడా బలం తగ్గుతుంది. సీడీకి, డీవీడీకి వేరే వేరే లేజర్లు కాబట్టి "పాటల సీడీ ఆడుతోందిగా, డ్రైవ్ బాగానే ఉంది" అనుకోవడం సరికాదు, రికవరీ డిస్కులు డీవీడీలు. ట్రే తెరిస్తే చిన్న గాజు కన్ను కనిపిస్తుంది, చెవి పుల్లకి ఆల్కహాల్ తడి చేసి నొక్కకుండా ఒక్కసారి తాకించినట్టు తుడవండి. అయినా కాకపోతే ఎక్స్‌టర్నల్ యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి తెచ్చుకోండి, హైదరాబాద్ వైపు వాళ్లకి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది, బ్లాంక్ డీవీడీలు కూడా అలాంటి చోటే అడగాలి, చిన్న ఊళ్లలో స్టాక్ పెట్టడం తగ్గింది. మా మూడో డిస్క్‌ని ఆ పాత డ్రైవ్ చదవలేదు గానీ బయటి డ్రైవ్ చదివేసింది.

అలా చదవగానే రికవరీ మొదలుపెట్టేయకుండా ముందు నాలుగు డిస్కుల్నీ వేరే కంప్యూటర్‌లో ఐఎస్‌ఓ ఫైల్స్‌గా మార్చాను. ఇమ్‌జీబర్న్ అనే ప్రోగ్రామ్‌తో తీయొచ్చు, ఎక్కడైనా చదవకపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మొండి డిస్క్ అయితే లినక్స్‌లో డీడీరెస్క్యూ ఇంకా గట్టిది, చదవగలిగినదంతా ముందు తీసుకుని చదవలేని ముక్కల జాబితా పెట్టుకుని తర్వాత వాటి మీదకి వస్తుంది, అదే జాబితాతో డిస్క్‌ని ఇంకో డ్రైవ్‌లో పెట్టి మిగిలినవి పూర్తి చేయొచ్చు. ఒక డ్రైవ్‌కి అందనిది ఇంకో డ్రైవ్‌కి అందుతుంది, రెండు డ్రైవ్‌లు కలిసి ఒక డిస్క్‌ని బతికించడం నేను కళ్లారా చూశాను. కొత్త డీవీడీకి రాసేటప్పుడు తక్కువ స్పీడ్, 4ఎక్స్ పెట్టి, వెరిఫై టిక్ పెట్టండి, రీరైటబుల్ డిస్కులు వాడకండి.

డిస్కులు, డ్రైవ్ బాగున్నా కాపీ మధ్యలో ప్రతిసారీ వేరే వేరే చోట ఆగిపోతుంటే ర్యామ్ చూడండి. ఒకే చోట ఆగితే డిస్క్, చోటు మారుతూ ఆగితే ర్యామ్ అని నా లెక్క, ఎక్కువసార్లు సరిపోయింది. రెండు స్టిక్స్ ఉంటే ఒకటి తీసి చూడండి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ ఒక రాత్రి తిప్పండి. హార్డ్ డిస్క్‌ని కూడా వదలొద్దు, హెచ్‌పీలో ఎఫ్2, డెల్‌లో ఎఫ్12లో డయాగ్నస్టిక్స్ ఉంటాయి, అది ఫెయిల్ అంటే ఎన్ని డిస్కులు పెట్టినా వృథా, మార్చేయాల్సిందే.

మార్చేటప్పుడు మేం ఒక దెబ్బ తిన్నాం. చిన్నాన్న దానిలో పాతది 320 జీబీ, సరిపోతుందిలే అని 240 జీబీ ఎస్‌ఎస్‌డీ తెచ్చాను. మొదటి డిస్క్ పెట్టగానే రికవరీ ఒప్పుకోలేదు. చాలా రికవరీ డిస్కులు ఒరిజినల్ డిస్క్ ఎంతుందో అంతకన్నా చిన్నదాన్ని ఒప్పుకోవు, లోపల ఎంత ఖాళీ ఉన్నా సరే. మర్నాడు గుంటూరు వెళ్లి 480 జీబీది మార్చుకొచ్చాను, అప్పుడు గానీ నడవలేదు. కొత్త డిస్క్‌లో ముందే ఏవైనా పార్టిషన్లు చేసి ఉంటే కూడా గొడవ చేస్తుంది, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఉండే డిస్క్‌పార్ట్‌లో క్లీన్ కొట్టి, అంటే మొత్తం తుడిచి, ఖాళీగా ఇవ్వండి, కానీ సెలెక్ట్ చేసిన డిస్క్ నంబర్ సైజుతో సహా రెండుసార్లు చూసుకోండి, బ్యాకప్ ఉన్న డిస్క్ కేబుల్ పీకేసి ఉంచడం ఇంకా మంచిది.

"ఈ పీసీకి ఈ డిస్కులు పనికిరావు" అన్న మాట వస్తే రెండు కారణాలు. ఒకటి, డిస్క్ నిజంగానే వేరే మోడల్‌ది. రెండు, మదర్‌బోర్డ్ ఎప్పుడో మార్చారు, కొత్త బోర్డ్‌లో మోడల్ వివరాలు రాయలేదు, డిస్క్ బయాస్‌ని అడిగితే అక్కడ ఖాళీ. బయాస్ మొదటి పేజీలో మోడల్, సీరియల్ ఖాళీగా కనిపిస్తే ఇదే, సర్వీస్ సెంటర్ వాళ్లు వాటిని రాయగలరు.

అంతా అయ్యాక మొదటి రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వచ్చి చివర్లో 7బీ అని ఉండే నంబర్ కనిపిస్తే బయాస్‌లో సాటా మోడ్ (హార్డ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) మారిందని అర్థం, ఏహెచ్‌సీఐ ఉంటే ఐడీఈకి, ఐడీఈ ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చి చూడండి. పాత ల్యాప్‌టాప్‌లో మదర్‌బోర్డ్ మీది బటన్ బ్యాటరీ అయిపోతే ఈ సెట్టింగ్‌లు వాటంతటవే మారిపోతుంటాయి, తేదీ కూడా ఎప్పుడిదో చూపిస్తుంది, తేదీ తప్పుంటే సైట్లు తెరుచుకోవు, యాక్టివేషన్ కాదు. చాలా వాటిలో సీఆర్2032 పడుతుంది, మార్చేయండి.

రికవరీ జరిగేటప్పుడు ఛార్జర్ పెట్టే ఉంచండి, మౌస్ తప్ప మిగతా యూఎస్‌బీ వస్తువులన్నీ పీకేయండి. నాలుగు డిస్కులయ్యాక కూడా రెండు మూడుసార్లు తనే రీస్టార్ట్ అవుతూ సెటప్ చేసుకుంటుంది, మాకు మొత్తం రెండున్నర గంటలు పట్టింది, మధ్యలో ఆగిపోయిందనుకుని పవర్ బటన్ నొక్కితే మళ్లీ మొదటి నుంచి.

విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరి 14తోనే అయిపోయింది, క్రోమ్ 109 దాకానే వస్తుంది. అందుకని చిన్నాన్న మెషీన్‌కి నెట్ ఇవ్వలేదు, ఫైల్స్ పెన్‌డ్రైవ్‌లో కొత్త సిస్టమ్‌కి వెళ్తాయి, అక్కడి నుంచి వాట్సాప్‌లో ప్రెస్‌కి. ఫాంట్లు, పేజ్‌మేకర్ వేసి పాత శుభలేఖ ఒకటి తెరిచి చూపించాక, ఆయన ఒత్తులు సరిగా పడ్డాయో లేదో వేలు పెట్టి ఒక్కో లైను చదివి "ఆఁ, ఇదీ" అన్నారు.

ఆ స్థితిలోనే, ఇంకేం వేయకముందు, మొత్తం ఎస్‌ఎస్‌డీని క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రామ్‌తో ఇమేజ్ తీసి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పెట్టాను, ఐఎస్‌ఓలు ఇంకో కాపీ నా దగ్గర ఉన్నాయి. కొత్త డీవీడీల మీద బాల్‌పెన్‌తో కాకుండా సీడీ మార్కర్‌తో మోడల్ నంబర్, తేదీ రాశాం, అడుగున స్టిక్కర్ మీద పారదర్శకమైన టేప్ అతికించాం, కవరు శాంపిల్ ఆల్బమ్ వెనక కాకుండా ఇంటి దస్తావేజులుండే ఇనప్పెట్టెలో పెట్టించాను.